అంచుదాకా పోసిన టీ

మా నరీన్ కొండల్లో ఏడాదికి రెండు డ్రిప్పుల కాలాలు. మంచు కరిగాక ఒకటి, గొర్రెలు మేత కొండల నుంచి దిగాక ఒకటి. తలనొప్పి, మతిమరుపు, చెవుల్లో హోరు, కోడలి మీద కోపం, ఏదైనా కానీ, పది రోజులు చేతికి సూది పెట్టించుకుని సీసా ఖాళీ అయ్యేదాకా పడుకుంటే తప్ప మా వాళ్ల మనసు కుదుటపడదు. ముప్పై ఏళ్లుగా ఆ సూదులు గుచ్చుతున్నది నేనే. నా పేరు కలిపా, ఊరి వైద్యశాలలో నర్సుని. ఈ ఊళ్లో నా సూది చూడని ఇల్లు లేదు. ముల్లాగారి ఇల్లు కూడా.

చూడని మనిషి మాత్రం ఒక్కతే ఉండేది. బురులక్క. "సీసాలు వేలాడదీసుకుని పడుకోవడానికి నాకు తీరికెక్కడిదే" అనేది. నిజమే, తీరిక లేదు. ఒత్తిన ఉన్నితో చేసే తివాచీలకు నగిషీ కోసేది ఆమే. రెండు రంగుల ఉన్ని ఒకదాని మీద ఒకటి పరిచి, సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి, కత్తి దించితే పొట్టేలు కొమ్ము వంపు తిరిగినట్టే తిరిగేది. కుట్టే ఆడవాళ్లు ఊళ్లో ఏడుగురున్నారు. కోసే చెయ్యి మాత్రం ఆ ఒక్కటే.

ఆ చేతినే తీసుకుపోయింది పక్షవాతం. సెప్టెంబరు చివర్లో, కోస్తూ కోస్తూ పక్కకి ఒరిగిపోయింది. నరీన్ ఆసుపత్రిలో రెండు వారాలు ఉంచుకుని ఇంటికి పంపారు. కుడిచెయ్యి వేలాడుతోంది, కుడికాలు ఈడుస్తోంది. మాటల్లో ఒక్కటే మిగిలింది: "లేదు." ఆకలేస్తోందా అంటే "లేదు". దుప్పటి కప్పనా అంటే "లేదు". నీ పేరేంటి అంటే దానికీ "లేదు". అరవై మూడేళ్లు ఎవరి మాటా వినకుండా బతికిన మనిషికి చివరికి ఆ మాటే మిగలడం చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అక్కడి డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. మెదడు కణాలు కోలుకోవడానికి, మళ్లీ ఒకదానికొకటి అల్లుకోవడానికి సాయపడుతుందని మావైపు అందరూ నమ్మే మందు అది. తేనెరంగులో ఉంటుంది, చిన్న గాజు గొట్టాల్లో వస్తుంది. ఉప్పునీటి సీసాలో కలిపి ఎక్కించాలి. ఇరవై రోజులు, రోజుకొకటి.

మొదటిరోజు పొద్దున్నే వెళ్లాను. సీసా తగిలించడానికి మేకు కోసం చూస్తే, బురులక్క పెనిమిటి కొరడా వేలాడే కొయ్య కనబడింది. ఆయన పోయి ఆరేళ్లయింది. కొరడా తీసి గూట్లో పెట్టి సీసా తగిలించాను. సూది గుచ్చుతుంటే బురులక్క కన్ను కూడా ఆర్పలేదు. పని అయ్యాక కోడలు అక్మరల్ టీ తెచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, పెళ్లయి రెండేళ్లు. మొగుడు బొగ్గులారీ తోలుతూ వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. పదిహేను రోజులుగా నిద్రలేక ఆ పిల్ల కళ్లు లోతుకి పోయాయి. ఏదో ఆలోచిస్తూ నా గిన్నెలో అంచుదాకా టీ పోసేసింది.

అంతే, పరుపు మీద బురులక్క లేవబోయింది. "లేదు! లేదు! లేదు!" ఎడమచెయ్యి గాల్లో కొట్టుకుంటోంది.

"దాహమేస్తోందేమో, అత్తమ్మకి కూడా పొయ్యనా కలిపక్కా?" అంది అక్మరల్ కంగారుగా.

"దాహం కాదు నీ మొహం కాదు. నా గిన్నె చూడు."

చూసి నాలిక కరుచుకుంది. మా దగ్గర అతిథికి రెండు వేళ్ల లోతే పోస్తారు. తాగగానే మళ్లీ పోస్తారు, మళ్లీ పోస్తారు. ఎన్నిసార్లు పోస్తే అంత మర్యాద. అంచుదాకా పోసిచ్చారంటే, అదొక్కటి తాగి ఇక దయచెయ్యమని.

"నన్ను పొమ్మంటున్నావేంటే? సూది నొప్పెట్టింది మీ అత్తకా, నీకా?" అన్నాను. అక్మరల్ సిగ్గుపడి గిన్నె తీసుకుపోయి సగం పైన ఒంపేసి తెచ్చింది. బురులక్క తల మళ్లీ దిండు మీద వాల్చింది. ఆమె కళ్లల్లోకి చూశాను. పాత బురులక్కే, తన ఇంట్లో జరిగిన తప్పుకి మండిపడుతున్న ఇల్లాలు. ఆసుపత్రి కాగితం మీద "గ్రహింపు అనుమానం" అని రాశారు. అనుమానం వాళ్లకే ఉండాలి. ఇంట్లో మనిషి ఉంది, తలుపు గడియే రావడం లేదు. ఆ క్షణాన నేను నిర్ణయించుకున్నాను, ఆ గడియ తీయించకుండా ఈ ఇల్లు వదలనని.

మూడోరోజు తుర్సున్‌బుబూ దిగింది. బురులక్క పెనిమిటికి అక్క. డెబ్బై ఒకటి దాటింది, అత్‌బాషిలో ఉంటుంది, ఆ వంశంలో ఆవిడ మాటకు ఎదురు లేదు. బురులక్క కొడుకైతే మేనత్త ముందు నిలబడి తుమ్మను కూడా తుమ్మడు. వచ్చీరాగానే గుమ్మానికి ఎదురుగా ఉండే పెద్దపీట మీద కూర్చుని, మరదలి వేలాడే చెయ్యి ఎత్తి చూసి, వదిలేసింది. చెయ్యి దభీమని పడింది.

"ఇంకేముంది, అయిపోయింది" అంది. "అక్మరల్, బట్టలు సర్దు. మా ఇంట్లో ఎండ పడే గది ఉంది. మెత్తటి పరుపేస్తా, మాంసం రసం పడతా. ఉన్నన్ని రోజులు ఉంటుంది."

"లేదు" అంది బురులక్క.

"చూశావా, అదే మాట. పాపం, మతి పోయింది."

నాకు ఒళ్లు మండింది. "మతి మీకంటే, నాకంటే బాగానే ఉంది అక్కా. రానని చెప్తోంది" అన్నాను.

"నువ్వు నాకు చెప్తావా కలిపా? నా చిన్నతమ్ముణ్ణి నాలుగేళ్లు మా ఇంట్లో మంచంలో చూశాను నేను. ఇదే జబ్బు. ఇవే సీసాలు. లేస్తాడు లేస్తాడు అన్నారు అందరూ. ఏడీ? లేచాడా?" ఆవిడ ఆ వేలాడే చేతిమీద దుప్పటి లాగింది. "ఆశపెట్టి చంపకండి. ఇదైనా నా కళ్లముందు ప్రశాంతంగా పోనివ్వండి."

ఆవిడ చెడ్డదని నేను ఎన్నడూ అనను. కానీ బురులక్కని ఆ ఎండగదిలో పడుకోబెట్టి చెంచాతో రసం పోస్తే ఆరు నెలల్లో గోడవైపు తిరిగి చచ్చిపోతుందని నాకు తెలుసు. బురులక్కకీ తెలుసు. ఎడమచేత్తో పరుపు అంచు పట్టుకుంది, వేళ్లు తెల్లబడేలా.

"మందు అయ్యేదాకా ఆగండి. పదిహేడు రోజులు" అన్నాను.

తుర్సున్‌బుబూ పెదవి విరిచింది. "ఆగుతా. ఆగితే ఏమొస్తుంది? కుడిచేత్తో నాకో గిన్నె టీ పొయ్యమను చూద్దాం. అది పోసిననాడు నా అంతట నేనే లేచి పోతా, మళ్లీ ఈ మాటెత్తితే నా పేరు మార్చెయ్యి. పొయ్యలేకపోతే మాత్రం ఇరవయ్యోనాడు కారు తెస్తా. నీ సీసాలు, నీ కబుర్లు అన్నీ కట్టిపెట్టు."

కుడిచేత్తోనే ఎందుకన్నదో చెప్పక్కర్లేదు. ఎడమచేత్తో టీ మాలో శత్రువుకు కూడా పొయ్యరు.

ఆరోజే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నా కూతురి వయసుది, తిన్నగా మాట్లాడుతుంది. "మందు ఎరువులాంటిది కలిపక్కా. కొందరు డాక్టర్లు నమ్ముతారు, కొన్ని దేశాల్లో అసలు వాడరు. నేనైతే ఒట్టు వెయ్యను. కానీ దున్నకుండా ఎరువేస్తే కలుపే కదా పెరిగేది? చెయ్యి కదిలించాలి. రోజూ వందసార్లు, రెండొందలసార్లు. ఆమె పనులు ఆమెనే చేసుకోనివ్వాలి" అంది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మా ఊళ్లల్లో రోగి అంటే మహారాణి. నోటికి చెంచా అందిస్తారు, దుప్పటి కప్పుతారు, ముక్కు కూడా వాళ్లే తుడుస్తారు. ముప్పై ఏళ్లు నేను కూడా సూది గుచ్చి, సీసా ఖాళీ అయ్యాక ఇంటిదారి పట్టానే గానీ, ఆ తర్వాత రోగి చెయ్యి ఏం చేస్తోందని ఒక్కనాడూ చూడలేదు. ఎంతమందిని అలా మంచానికి కట్టేశామో తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు.

"రేపట్నుంచి మీ అత్త అన్నం మీ అత్తే తింటుంది. నువ్వు చెంచా ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాను అక్మరల్‌తో.

"అయ్యో కలిపక్కా! ఆవిడ తడబడుతుంటే నేను చేతులు కట్టుకుని కూర్చోనా? ఊరు నా మొహాన ఉమ్మదూ? కోడలివి కాదు రాయివి అనరూ?"

"అననీ. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఊరొచ్చి మీ అత్తకి చెయ్యి అతికిస్తుందా?"

తలూపింది. ఐదోరోజు కాస్త ముందుగా వెళ్లాను. కిటికీలోంచి చూస్తే, అక్మరల్ చెంచాతో అత్తకి గంజి తాగిస్తోంది, ఒక చేత్తో గడ్డం కింద గుడ్డ పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంటూ. నేను లోపలికి వెళ్లి చెంచా లాక్కుని బయట మంచుబురదలోకి విసిరేశాను. "గొర్రెల దొడ్లోకి పో. నేను పిలిచేదాకా రాకు" అన్నాను. పోయింది. దొడ్లో కూర్చుని ఏడుస్తుంటే గొర్రెలు అరవడం వినబడింది. పాపం అనిపించింది, కానీ వెనక్కి పిలవలేదు.

ఆ రోజు నుంచి పని మొదలుపెట్టాం. డ్రిప్పు ఎక్కుతున్నప్పుడు ఎడమచేతికి సూది, కుడిచేతి కింద పచ్చి ఉన్ని కుప్ప. ఆ ఉన్నిని నొక్కాలి, లాగాలి, పీచు విడదీయాలి. వేళ్లు మొద్దుల్లా పడి ఉండేవి. నేను నా చెయ్యి ఆమె చేతి మీద పెట్టి నొక్కేదాన్ని. వంద. రెండొందలు. ఉన్ని వాసనకో ఏమో, ఏడోరోజు చూపుడువేలు కాస్త వంగింది. నాకు నమ్మకం కలగలేదు, మళ్లీ చెయ్యమన్నాను. మళ్లీ వంగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "లేదు" అంది బురులక్క. అది ఆమె నవ్వు.

ఎనిమిదోరోజు మా కొంప మునిగింది. సీసా సగం ఎక్కింది. అక్మరల్ ఫోన్ మోగింది, చేతులు పిండిలో ఉండి స్పీకర్ నొక్కింది. తుర్సున్‌బుబూ గొంతు ఇల్లంతా మోగింది.

"ఆ సూది పీకెయ్యండి! ఈ క్షణమే! మా మనవరాలు ఫోన్‌లో ఆ మందు కాగితం చదివింది. అది దేంతో చేస్తారో తెలుసా? పంది మెదడుతో! పంది! అయిదుపూటలా నమాజు చేసే మనిషి నరాల్లోకి పందిని ఎక్కిస్తున్నారే మీరు! కలిపా, వింటున్నావా? నీకు తెలుసా, తెలీదా?"

అక్మరల్ నా వైపు తిరిగింది. బురులక్క కూడా నా వైపే చూస్తోంది.

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "తెలుసు" అన్నాను.

 బురులక్క తల వంచి, పళ్లతో ప్లాస్టరు పట్టుకుని, సూదిని లాగి పారేసింది. రక్తం దుప్పటి మీద పడింది. నేను దూది పట్టుకుని దగ్గరికి వెళ్తే మోచేత్తో నెట్టేసి గోడవైపు తిరిగింది. తేనెరంగు నీళ్లు చాపమీద చుక్కలు చుక్కలుగా కారిపోయాయి.

ఇంటికి ఎలా నడిచి వెళ్లానో గుర్తులేదు. ముప్పై ఏళ్లుగా తెలుసు నాకు. మందు పెట్టె లోపలి కాగితంలో రాసే ఉంటుంది, రష్యన్ భాషలో, చీమలంత అక్షరాలతో. ఎవరూ చదవరు, ఎవరూ అడగరు, నేను చెప్పను. అదొక అలవాటైపోయింది, చెప్తే నలుగురు మానేస్తారు, మానేస్తే నష్టపోతారు అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. అడిగింది ముల్లాగారొక్కరే, తన తండ్రికి ఎక్కించినప్పుడు. చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుని, "ప్రాణావసరానికి పట్టింపు లేదమ్మా. కానీ మనిషికి తెలియాలి, తెలిసి ఒప్పుకోవాలి" అన్నాడు. మొదటి సగం నాకు నచ్చింది, గుర్తుపెట్టుకున్నాను. రెండో సగం మింగేశాను. ఊరందరి జబ్బుల గుట్టు నా చేతిలో ఉందని పొగరు, అంతే.

మర్నాడు సీసా తగిలించకుండా సంచి గుమ్మంలో పెట్టి, బురులక్క పరుపు పక్కన కింద కూర్చున్నాను. అక్మరల్ మాకు దూరంగా పొయ్యి దగ్గర నిలబడింది, టీ కూడా ఇవ్వలేదు. అది న్యాయమే.

"తప్పు నాదే" అన్నాను. "చెప్పాల్సింది. నువ్వు మాట్లాడలేవు కదా, అడగలేవు కదా, ఇంకా ముందే చెప్పాల్సింది."

బురులక్క తిరగలేదు. నేను కూర్చునే ఉన్నాను. పొయ్యి మీద నీళ్లు మరిగి, చల్లారి, అక్మరల్ మళ్లీ మరిగించింది. అప్పుడు ఇటు తిరిగింది. ఎడమచేత్తో గుమ్మంలోని సంచి చూపించింది, తర్వాత నా నోరు. సంచి, నోరు. మళ్లీ సంచి, నోరు.

"ఏం కావాలి అత్తమ్మా?" అంది అక్మరల్.

నాకు అర్థమైంది. ఇంతకుముందు నేను చెప్పకుండా దాటేసిందంతా తన ముందు, నా నోటితో చెప్పమంటోంది. సంచిలోంచి ఒక గాజు గొట్టం తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"ఇది పంది మెదడులోంచి తీసింది బురులక్కా. శుద్ధి చేస్తారు, చిన్న చిన్న తునకలుగా చేస్తారు, కానీ పుట్టుక అదే. ముల్లాగారు ప్రాణావసరానికి పట్టింపు లేదన్నారు, నీకు తెలిసి ఒప్పుకోవాలన్నారు. ఇది పనిచేస్తుందా అంటే నేను ఒట్టు వెయ్యలేను. లేచినవాళ్లని చూశాను, లేవనివాళ్లనీ చూశాను. నీ చిన్న మరిది లేవలేదు. నీ వేలు వంగింది మందువల్లా, ఉన్ని పీకడంవల్లా, నీ మొండితనంవల్లా, నాకు తెలీదు. వద్దంటే సంచి తీసుకుపోతా. అయినా రేపూ వస్తా, ఉన్ని పీకించడానికి."

ఆమె గొట్టాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది. తర్వాత గదిమూలన సగం కోసి వదిలేసిన తివాచీ వైపు చూసింది. పొట్టేలు కొమ్ము సగంలో ఆగిపోయి ఉంది.  గొట్టం నా ఒళ్లో పెట్టింది. మొద్దుబారిన కుడిచెయ్యి, వంగే ఆ ఒక్క వేలితో, ఎడమచేతి చొక్కా మడతని పైకి నెట్టడం మొదలుపెట్టింది. వేలు జారింది. మళ్లీ నెట్టింది. అక్మరల్ సాయానికి ఒక అడుగు వేసి తనంతట తనే ఆగిపోయింది. మోచేతి పైదాకా మడత ఎక్కేసరికి బురులక్క నుదుటిమీద చెమట పట్టింది.

"లేదు" అంది నాకేసి, కోపంగానే. క్షమించలేదన్నమాట. సూది మాత్రం గుచ్చమంది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఆమె నామీద కోపంతోనే పనిచేసింది, ఆ కోపం మందుకంటే బాగా పనిచేసిందనుకుంటాను. ఉన్ని అయ్యాక ఖాళీ కెటిల్. పట్టుకోవడం, వదలడం, పట్టుకోవడం. పదమూడోరోజు ఒక అంగుళం ఎత్తింది. పదిహేనోరోజు కెటిల్‌లో గుక్కెడు చన్నీళ్లు పోసిచ్చాను. నీళ్లన్నీ నా ఒళ్లో. "తడిసింది నేనేలే, తివాచీ కాదు" అన్నాను. ఆమె పెదవి వణికింది, నవ్వు ఆపుకోవడానికి. పదిహేడోరోజు సగం గిన్నెలో, సగం పళ్లెంలో. అక్మరల్ దొడ్లోకి పోవడం మానేసి, తలుపు పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూడ్డం నేర్చుకుంది. ఆ పిల్లకి అది అత్తకి చెయ్యి రావడమంత కష్టం. "నా చేతులకి దురదగా ఉంది కలిపక్కా" అనేది. "గోక్కో. లేవకు" అనేదాన్ని.

పంతొమ్మిదోరోజు చేతి వణుకు ఎక్కువైంది. పది గిన్నెలు పోయిస్తే ఎనిమిది చిందాయి. పదకొండోది ఎత్తబోయి కెటిల్ జార్చేసి, కళ్లు మూసుకుంది. నాకు భయం వేసింది, నిజం చెప్పాలంటే. తుర్సున్‌బుబూ కారు తెస్తే అడ్డుపడే హక్కు నాకు లేదు. కొడుక్కి నోరు లేదు. అక్మరల్ అసలే కోడలు. కాసేపాగి బురులక్క కళ్లు తెరిచి, నేలమీద పడ్డ కెటిల్‌ని ఎడమచేత్తో దగ్గరికి లాక్కుని, నా ముందు పెట్టింది. నింపమని.

ఇరవయ్యోరోజు చివరి సీసా కొయ్య మీంచి దించి, కొరడా దాని చోట దానికి తగిలించాను. అప్పుడే బయట కారు ఆగింది. తుర్సున్‌బుబూ వచ్చింది, వెనక సీట్లో పరుపు, దుప్పట్లు, దిళ్లు. పెద్దపీట మీద కూర్చుంది. రొట్టె, మీగడ, ఆప్రికాట్ జామ్ పెట్టింది అక్మరల్. పాలు కలిపిన టీ కెటిల్ తెచ్చింది. పొయ్యడానికి మోకాళ్ల మీద కూర్చుంది కూడా.

"అక్మరల్" అన్నాను.

ఆ పిల్ల కెటిల్‌ని అత్త ముందు పెట్టి వెనక్కి జరిగింది. తుర్సున్‌బుబూ నన్ను చూసి, మరదల్ని చూసి, "ఏంటీ ఆటలు? కాల్చుకుంటుంది. తియ్యవే" అంది.

బురులక్క కుడిచెయ్యి కెటిల్ పిడి మీద పడింది. వేళ్లు ఒకటొకటిగా చుట్టుకున్నాయి. బొటనవేలు చివర్న. ఎత్తింది. చెయ్యి భుజందాకా వణుకుతోంది, కెటిల్ మూత టకటకలాడుతోంది. ఎడమచేత్తో గిన్నె పట్టుకుంది. వంచింది. టీ పడింది గిన్నెలో. రెండు వేళ్ల లోతు. ఆపలేదు. సగం. ఇంకా పోస్తోంది. ముప్పావు.

"చాలు అత్తమ్మా!" అంటూ అక్మరల్ గుడ్డ పట్టుకుని లేచింది. నేను దాని కొంగు పట్టి కూర్చోబెట్టాను.

అంచుదాకా వచ్చింది టీ. అప్పుడు కెటిల్ దించింది. ఒక్క చుక్క బయటికి పోలేదు. ఆ గిన్నెని ఆడపడుచు ముందుకి నెట్టింది.

"చూశారా, ఆపడం చేతకాలేదు. పాపం..." తుర్సున్‌బుబూ మొదలుపెట్టింది.

బురులక్క రెండో గిన్నె లాక్కుంది. పోసింది. రెండు వేళ్ల లోతు, వెంట్రుకవాసి కూడా ఎక్కువ లేదు. నా ముందు పెట్టింది. మూడోది తీసుకుంది. అంతే, రెండు వేళ్లు. అది కోడలి ముందు పెట్టింది. అత్త చేతి టీ ముందు అక్మరల్ మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

తుర్సున్‌బుబూ నా గిన్నె చూసింది. అక్మరల్ గిన్నె చూసింది. తన గిన్నె చూసుకుంది. అంచున టీ వణుకుతోంది. ఆవిడ మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. 

"తా..." అంది బురులక్క. నోరు వంకరపోయింది, మెడనరం ఉబ్బింది. "తా... గు."

ఇరవై రోజుల్లో, కాదు, అయిదు వారాల్లో, "లేదు" కాని మొదటి మాట.

తుర్సున్‌బుబూ గిన్నెని రెండు చేతులా ఎత్తింది. వేడివేడిది, ఆపకుండా, చివరి చుక్కదాకా తాగింది. తాగుతుంటే కళ్లల్లోంచి నీళ్లు కారి గిన్నెలో పడ్డాయి. గిన్నె బోర్లించింది. "అదే ముండ, మొండి ముండ" అంది, మరదలి తల తన గుండెకి అదుముకుని. "నా చిన్నతమ్ముడు కూడా ఇంత మొండివాడైతే బాగుండేదే. వాడికి అన్నీ నేనే చేసిపెట్టాను. నేనే. నోట్లో ముద్ద కూడా."  ఇక లేచి, శాలువా కప్పుకుంది. అన్న మాట అన్నట్టే, తనంతట తనే.

గుమ్మం దాకా నేను వెళ్లాను. కారులో పరుపుని ఒకసారి చూసి, డ్రైవరుతో "ఇది ఇక్కడే దింపు, వాళ్లకే ఉంచెయ్యి, మంచి ఉన్ని" అంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

"కలిపా, ఈమధ్య నాకూ పేర్లు గుర్తుండటం లేదు. మొన్న మనవరాల్ని చచ్చిపోయిన మా చెల్లి పేరుతో పిలిచా. మంచు కరిగాక వస్తా, నాకూ ఆ సీసాలు పెట్టు." చుట్టూ చూసి గొంతు ఇంకా తగ్గించింది. "అది దేంతో చేస్తారో నేను అడగను. నువ్వు చెప్పకు."

"మీరు అడక్కపోయినా చెప్తాను అక్కా" అన్నాను. "సూది గుచ్చేముందే చెప్తాను."